సిమెంటు తోడుకోవాలి

అమ్ములూ, చిన్నూ,

నిన్న ఫోన్లో అమ్ములు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి, కానీ వెనకాల మీ కొత్త వంటగది పనిలో టైల్స్ కోసే మిషను మోతలో నా మాట మీకూ మీ మాట నాకూ వినపడలేదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. అమ్ములు పైకి చదవాలి, చిన్నూ వినాలి, మధ్యలో కొట్టుకోకూడదు.

అమ్ములు ప్రశ్న ఇదీ. "తాతయ్యా, సిమెంటు ఇంకా ఎండలేదు ముట్టుకోకండి అని మేస్త్రి గారే అంటారు, మళ్ళీ పొద్దున్నే దానిమీద నీళ్ళు కొట్టమని నాన్నకి ఆయనే చెబుతారు. ఎండాలంటే నీళ్ళెందుకు?" చాలా మంచి ప్రశ్న తల్లీ. ఇళ్ళు కట్టించుకున్న పెద్దవాళ్ళు కూడా చాలామంది మేస్త్రి కొట్టమన్నాడు గనక కొడతారు, ఎందుకని అడగరు.

అసలు సంగతేమిటంటే సిమెంటు ఎండటం వల్ల గట్టిపడదు. అది తోడుకుంటుంది.

అమ్మ రాత్రి పాలు తోడు పెట్టడం రోజూ చూస్తారుగా. పొద్దున్న లేచేసరికి పెరుగు గడ్డ కడుతుంది. మరి పాలలో ఉన్న నీళ్ళు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. రాత్రి ఎన్ని పాలు పోసిందో అంతా ఆ గిన్నెలోనే ఉంది, కానీ గిన్నె కొంచెం వంచినా కారదు, గరిటెతో తీస్తే ముక్కలా లేస్తుంది. అవే పాలు పళ్ళెంలో పోసి ఎండలో పెట్టేస్తే పెరుగు రాదు, అడుగున చెక్కు మిగులుతుంది, అంతే. సిమెంటూ అలాగే. మేస్త్రి గారు మాలు, అంటే సిమెంటూ ఇసుకా ముద్ద, కలిపేటప్పుడు పోసిన నీళ్ళు ఆవిరైపోతే అది గట్టిపడుతుందని మనం అనుకుంటాం గానీ, నిజానికి సిమెంటు ఆ నీళ్ళని తనలో కలిపేసుకుని వేరే పదార్థంగా మారుతుంది. ఆ మారడం పూర్తికాకముందే ఎండకీ గాలికీ నీళ్ళు ఎగిరిపోయాయనుకోండి, పని సగంలో ఆగిపోతుంది. పైకి గట్టిగానే ఉంటుంది, మేకుతో గీకితే మాత్రం పొడి పొడిగా రాలుతుంది. అందుకే పొద్దునా సాయంత్రం నీళ్ళు కొట్టడం, వంటగట్టు మీద తడి గోనెసంచులు కప్పడం. నీళ్ళు సిమెంటుకి తిండి అనుకోండి, అది తినేది ఇంకా అయిపోలేదు.

మొన్న చిన్నూ కొత్తగా పరిచిన టైలు మీద కాలు పెట్టాడనీ, మేస్త్రి గారు గట్టిగా కేకేశారనీ విన్నాను. ఏడవక్కర్లేదు నాన్నా. సగం తోడుకున్న పెరుగులో వేలు పెడితే ఏమవుతుంది? అక్కడ విరిగి నీళ్ళు తేలతాయి, ఇక ఎంతసేపు ఉంచినా ఆ చోట మళ్ళీ సరిగ్గా గడ్డకట్టదు. టైలు కింద సిమెంటు కూడా తోడుకుంటున్నప్పుడు ఒక మూల నొక్కుకుపోతే రెండో మూల కొంచెం లేచి, కింద ఖాళీ పడుతుంది. కావాలంటే మేస్త్రి గారు సాయంత్రం పని దిగేముందు చూడండి, తాపీ పిడితో టైళ్ళ మీద ఒక్కొక్కదాన్నీ తట్టుకుంటూ పోతారు. నిండుగా ఉన్న టైలు "టక్" అంటుంది, కింద ఖాళీ ఉన్నది "డొల్ల" అంటుంది. ఆ డొల్ల టైలు మీదే రెండేళ్ళ తర్వాత రోకలి జారి పడితే పగిలేది. ఆయన కేకేసింది మీ మీద కోపంతో కాదు, టైలు గురించి.

చలికాలంలో పెరుగు త్వరగా తోడుకోదని నానమ్మ గిన్నెకి తువ్వాలు చుట్టి పెడుతుంది, గుర్తుందా? సిమెంటుకీ చలి పడదు, చల్లగా ఉంటే నెమ్మదిస్తుంది. ఇప్పుడు హైదరాబాదులో చలి మొదలైంది కాబట్టి మేస్త్రి గారు ఇంకో రోజు ఆగుదాం అంటే నాన్నని విసుక్కోవద్దని చెప్పండి. అయితే ఒక తేడా ఉంది. పెరుగుకి మనం వెచ్చదనం ఇవ్వాలి, సిమెంటు తన వెచ్చదనం తనే పుట్టిస్తుంది. నీళ్ళు తగిలినప్పటి నుంచీ లోపల వేడి పుడుతూనే ఉంటుంది, గోడకి పూసిన పల్చటి పూతలో మీకది తెలియదు గానీ, నదుల మీద డ్యాములు కట్టే ఇంజినీర్లకి ఆ వేడి పెద్ద తలనొప్పి. లోపల వేడీ బయట చల్లదనం వల్ల కాంక్రీటు పగుళ్ళు బారుతుందని జాగ్రత్తలు పడతారు.

ఇంకో తేడా, పెరుగు రెండో రోజుకి పులుస్తుంది, సిమెంటు రోజులు గడిచేకొద్దీ బలపడుతుంది. కలిపిన అరగంట దాకా మేస్త్రి గారికి దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకునే వీలుంటుంది. ఆ అరగంటన్నా ఉండాలనీ, 10 గంటల లోపు గట్టిపడి తీరాలనీ మన దేశంలో మామూలు సిమెంటుకి నియమం ఉంది. ఫ్యాక్టరీలో కొంచెం జిప్సం కలుపుతారు, అది లేకపోతే మాలు మోసే తట్టలోనే, అదే గమేళాలోనే, బిగుసుకుపోయి తాపీకి రాదు. ఏడు రోజులకి దాని బలంలో మూడింట రెండు వంతుల దాకా వస్తుంది. 28వ రోజున పరీక్ష చేసి, ఈ కాంక్రీటు ఇంత బరువు మోస్తుంది అని రాసుకుంటారు. ఆ తర్వాత కూడా నెమ్మదిగా ఏళ్ళ తరబడి బలపడుతూనే ఉంటుంది. అంటే మీరు బళ్ళో పై క్లాసులకి వెళ్తూ ఉంటే మీ వంటగది గోడ లోపల ఆ పని కొంచెం కొంచెంగా జరుగుతూనే ఉంటుందన్నమాట. ఎలా జరుగుతుందో మొత్తం రాయాలంటే కెమిస్ట్రీ కావాలి, అది మీరు పెద్దయ్యాక చదువుతారు. ఇప్పటికి ఒక్కటి చెబుతాను. పెద్ద మైక్రోస్కోపు కింద చూస్తే ఒక్కో సిమెంటు నలుసు చుట్టూ సన్నటి సూదులు మొలుచుకొస్తాయి. పక్క నలుసు సూదుల్లోకి ఇవి, వీటిలోకి అవి దూరి మెలేసుకుంటాయి. మొదటిసారి ఆ ఫొటో చూసినప్పుడు నేను చాలాసేపు పేజీ తిప్పలేదు.

ఈ సిమెంటు 1824లో ఇంగ్లండులోని లీడ్స్ ఊళ్ళో జోసెఫ్ ఆస్ప్డిన్ అనే ఒక మేస్త్రి పేటెంటు తీసుకున్న పొడి నుంచి మొదలై, తర్వాత చాలామంది చేతుల్లో బాగుపడింది. మేస్త్రి అనే మాట గమనించండి, ఇటుకలు పేర్చుకునే మనిషి. సున్నపురాయీ బంకమట్టీ కలిపి 1450 డిగ్రీల వేడి దాకా కాల్చి నూరితే ఇప్పుడు మీ హాల్లో సోఫా పక్కన ఉన్న 50 కిలోల బస్తాలో పొడి తయారవుతుంది.

ఆ సున్నపురాయి మా ఊరి రాయి. మా పల్నాడు నేల కింద అంతా అదే. పిడుగురాళ్ళ చుట్టుపక్కల సున్నపు బట్టీల పొగ చూస్తూ పెరిగాం మేము. కాలిన రాళ్ళని తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే కింద మంట లేకుండానే బుసబుసా ఉడుకుతాయి, తొట్టి దగ్గరికి వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు, కంట్లో పడితే కన్ను పోతుందని. మేము దూరంగా గట్టెక్కి చూసేవాళ్ళం. మిద్దె కట్టాలంటే గానుగ వేసేవాళ్ళు. గుండ్రటి కాలువ, అందులో సున్నమూ ఇసుకా, దాంట్లో దొర్లే పెద్ద రాతి చక్రం, దాన్ని లాగే ఎద్దు. కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ కూడా పోసేవాళ్ళు. ఎద్దు వెనక తిరిగే పని పిల్లలకి దొరికితే పండగే, నేను తిరిగి తిరిగి కళ్ళు తిరిగి పడేవాణ్ణి, అయినా దిగేవాణ్ణి కాదు. ఆ సున్నం గాలిలోంచి బొగ్గుపులుసు గాలిని, అంటే కార్బన్ డయాక్సైడుని, పీల్చుకుని మళ్ళీ రాయిలా మారుతుంది, నెలలు పడుతుంది. ఎవరికీ తొందర ఉండేది కాదు.

మా ఇంట్లో మాత్రం వంటిల్లు మట్టిదే. సంక్రాంతి ముందు మా అమ్మ పాత పొయ్యి పగలగొట్టి కొత్త పొయ్యి వేసేది, బంకమట్టిలో ఊకా పేడా కలిపి, తొక్కి, చేత్తో నునుపు చేసి. ఆ మూణ్ణాలుగు రోజులూ వంట పెరట్లో మూడు రాళ్ళ మీద. మాకు అది పెద్ద సరదా, పొగలో ఉడికిన అన్నం కమ్మగా ఉండేది. అమ్మకి సరదా కాదని ఇప్పుడు తెలుస్తోంది. వంగి వంగి ఊదేది, గాలి తిరిగితే కళ్ళు తుడుచుకునేది, మమ్మల్ని మాత్రం కసురుకునేది కాదు. ఇక్కడ ఒక సంగతి చూడండి. మట్టి పొయ్యి నిజంగానే ఎండి గట్టిపడుతుంది. అందుకే మీద వాన పడితే మళ్ళీ మట్టే అయిపోయేది. సిమెంటు తోడుకున్నది కాబట్టి వాన పడ్డా, సింకులో రోజంతా నీళ్ళు పారినా కరగదు. ఎండినదాన్ని నీళ్ళు కరిగిస్తాయి, తోడుకున్నదాన్ని కరిగించలేవు.

అమ్మ గురించి చెప్పాను కాబట్టి మీ అమ్మ గురించి కూడా. ఫ్రిజ్జు హాల్లో, ఇండక్షన్ స్టవ్ మీరు హోంవర్కు చేసే బల్ల మీద, గిన్నెలు తోమేది బాత్రూంలో వంగి, పప్పు డబ్బా ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఎంత తుడిచినా గంటలో మళ్ళీ దుమ్ము. ఆమెకి పని రెట్టింపైంది, టెన్షన్ కూడా. కాబట్టి దోసెలు ఎప్పుడు వేస్తావని రోజూ అడగొద్దు. పెరుగన్నం, అరటిపండు పెడితే తినేయండి. మీ పళ్ళాలు మీరే కడగండి, నాన్న కూడా గిన్నెలు తోమాలి, ఇది ఆయనకి వినపడేలా చదవండి.

కొన్ని మాత్రం గట్టిగా చెబుతున్నాను. టైల్స్ గానీ రాయి గానీ కోస్తున్నప్పుడు ఆ గది దగ్గరికి అసలు వెళ్ళకూడదు. ఆ సన్నటి రాతి దుమ్ము కంటికి కనపడకుండా ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది. మిషను మీద నీళ్ళు పోస్తూ కోయమనీ, ముక్కుకి మాస్కు పెట్టుకోమనీ మేస్త్రి గారిని నాన్న అడగాలి, ఆయన ఊపిరి కూడా మన ఊపిరి లాంటిదే, మనకి ఒక నెల, ఆయనకి రోజూ ఇదే పని. పచ్చి సిమెంటు చేత్తో ముట్టుకోవద్దు, చర్మం కాలుతుంది, మొదట నొప్పి తెలియదు కూడా. అంటుకుంటే వెంటనే ధారగా నీళ్ళు పోసి కడుక్కోవాలి. ఇంట్లో చెప్పులు వేసుకునే తిరగండి, నానమ్మ ఏమీ అనదు, నేను మాట్లాడాను.

నీళ్ళు కొట్టే పని అడిగి మీరు తీసుకోండి. పొద్దున అమ్ములు, సాయంత్రం చిన్నూ, నాన్న పక్కన ఉండగా మగ్గుతో. గోడ నీళ్ళు పీల్చుకునేటప్పుడు చెవి దగ్గర పెట్టి వినండి, చాలా సన్నగా సుయ్యిమని వినపడుతుంది.

దీంతోపాటు ఒక పరీక్ష. మేస్త్రి గారిని అడిగి రెండు కాగితం కప్పుల్లో కొంచెం కొంచెం మాలు వేయించుకోండి, ఒక రాత్రి మూతపెట్టి ఉంచండి. మర్నాడు ఒకటి నీళ్ళ డబ్బాలో ముంచి పెట్టండి, రెండోది బాల్కనీలో ఎండ తగిలేచోట. క్యాలెండరులో 28వ రోజుకి గుర్తు పెట్టుకోండి. ఆ రోజు నాన్న చేత రెండింటినీ మేకుతో గీకించి, ఏది ఎక్కువ రాలిందో నాకు రాయండి. నేను ముందే చెప్పను.

గట్టుకి నల్ల గెలాక్సీ రాయి తెస్తున్నారని నాన్న చెప్పాడు. అది ఒంగోలు దగ్గర చీమకుర్తి నుంచి వస్తుంది. భూమి లోపల ఎక్కడో లోతున కరిగిన రాయి చాలా చాలా నెమ్మదిగా చల్లారి అలా తయారైంది, వంద కోట్ల ఏళ్ళకి పైమాట. నెమ్మదిగా చల్లారితేనే లోపలి ఖనిజాల పలుకులు పెద్దగా పెరుగుతాయి. నల్లటి రాతిలో బంగారు చుక్కలు ఎందుకు మెరుస్తాయో, ఆ ఊరి కిందే అలా ఎందుకు కుదిరిందో నేను రాయబోయి ఆగిపోయాను, రాస్తే బాగుండదు, చూడాలి. హాల్లో గోడకి ఆనించి నిలబెట్టినప్పుడు మాత్రం దాని దగ్గరికి పోవద్దు, అది చాలా బరువు. గట్టు మీద పరిచి, కింద మాలు తోడుకున్నాక, రాత్రి లైట్లన్నీ ఆర్పేసి టార్చి తీసుకుని వెళ్ళండి. టార్చి పైనుంచి వద్దు, పక్కనుంచి రాయికి ఆనించినట్టు పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. చిన్నూకి గట్టు అందదు కాబట్టి స్టూలు వేసి అమ్ములు పట్టుకోవాలి.

మేస్త్రి గారికి మజ్జిగ ఇస్తున్నారా? ఇవ్వండి. వచ్చే నెల నానమ్మా నేనూ వస్తాం, అప్పటికి కొత్త వంటగదిలో మొదటి పాలు పొంగించేది ఎవరో మీలో మీరు తేల్చుకోండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య