గ్రామసభ, డ్రాఫ్టు నోటీసు, బహిరంగ విచారణ: అపోహలు - వాస్తవాలు

ప్రజాభిప్రాయ సేకరణ అనగానే మా కర్నూలు పడమటి పల్లెల్లో ముందు వినిపించే మాట ఒకటే: "మేము చెప్తే అయ్యేదుండాదా సార్?" పంచాయతీ కార్యదర్శిగా పనిచేసిన రోజుల్లో ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇప్పుడు సర్పంచులకు, వార్డు మెంబర్లకు, గ్రామ సచివాలయ సిబ్బందికి శిక్షణ ఇస్తుంటే వాళ్లు కూడా అదే అడుగుతున్నారు, కాకపోతే మాట కొంచెం మారుతుంది: "జనం చెప్పేదాంట్లో పనికొచ్చేది ఏముంటాది సార్?" రెండూ తప్పే. నేను చూసినంతలో జనం మాట వృథా కావడానికి కారణం వాళ్లకు తెలివి లేకపోవడమో, అధికారులకు మనసు లేకపోవడమో కాదు. ఆ మాట ఎప్పుడు చెప్పాలో, ఎక్కడ చెప్పాలో, ఏ కాగితం మీదికి ఎక్కాలో రెండు పక్కలా తెలియకపోవడం. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: అంతా ముందే తేల్చేసుకుని, సంతకాల కోసం పిలుస్తారు.

కొన్ని సభలు అలాగే జరుగుతాయి, కాదనను. కానీ ప్రతి నిర్ణయంలోనూ తేలిపోయిన భాగం ఒకటి, ఇంకా తేలని భాగం ఒకటి ఉంటాయి. మనం ఎక్కువగా తేలిపోయిన దాని మీద అరిచి, తేలనిదాన్ని వదిలేసి ఇంటికి పోతాం.

ఇంటి పన్ను సంగతే చూడండి. 2020 నవంబరులో రాష్ట్రం మున్సిపాలిటీల్లో ఆ పద్ధతి మార్చింది. అంతకుముందు ఇంటికి ఎంత బాడుగ వస్తుందన్న అంచనా మీద పన్ను వేసేవాళ్లు, ఆ తర్వాత ఆస్తి మూలధన విలువ మీద. నివాస భవనాలకైతే విలువలో 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతర భవనాలకైతే 0.20 నుంచి 2 శాతం. ఆ హద్దుల మధ్య ఎంత అనేది స్థానిక కౌన్సిల్ డ్రాఫ్టు ప్రకటించి, అభ్యంతరాలు తీసుకుని ఖరారు చేయాలి. ఒక మున్సిపాలిటీకి అప్పట్లో వచ్చిన అభ్యంతరాలు నాకు చూసే అవకాశం దొరికింది. దాదాపు అన్నింట్లో ఉన్నది ఒకటే డిమాండు, ఈ పన్ను విధానమే రద్దు చేయాలని. ఆ కోరికలో తప్పు లేదు, కానీ అది శాసనసభ చేసిన చట్టం, దాన్ని రద్దు చేసే అధికారం ఆ కౌన్సిల్‌కు లేదు. కౌన్సిల్ చేతిలో ఉన్నది శాతం మాత్రమే. "ఫలానా శాతం మాకు భారం, ఇంతకు తగ్గించండి, పక్క మున్సిపాలిటీలో ఇంత పెట్టారు" అని రాసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కౌన్సిల్ జవాబు చెప్పక తప్పని కాగితాలు ఆ కొన్నే.

కాబట్టి ఏ మీటింగుకు పోయినా మొదట అడగాల్సింది: "ఇందులో ఇంకా ఖరారు కానిది ఏది?" ఈ ప్రశ్న అడిగితే ఆఫీసరు కోప్పడరు. నిజం చెప్పాలంటే చాలాసార్లు ఆయన కూడా అప్పుడే ఫైలు తిప్పి చూసుకుంటారు.

అపోహ: సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం, ఇక మా అభిప్రాయం చెప్పినట్టే.

దీనివల్ల నష్టపోయినంతగా మన జనం ఇంకే పొరపాటు వల్లా నష్టపోలేదు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక, 1100 నంబరు, ఇవి జరిగిన కష్టాన్ని చెప్పుకునే చోట్లు. పింఛను ఆగింది, వీధి లైటు వెలగడం లేదు, పాసుపుస్తకంలో పేరు తప్పు పడింది, వీటికి అర్జీ సరైన దారి. ఇంకా జరగని నిర్ణయం మీద చెప్పేది అభ్యంతరం. దానికి గడువు వేరే, తీసుకునే అధికారి వేరే.

2013 భూసేకరణ చట్టంలో ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చినరోజు నుంచి 60 రోజుల్లోపు అభ్యంతరం రాసివ్వాలి, ఆ మనిషిని పిలిచి వినాలి. 2022 జనవరిలో కొత్త జిల్లాల డ్రాఫ్టు వచ్చినప్పుడు ఇచ్చిన గడువు 30 రోజులు. ఇలాంటి గడువు నడుస్తుండగా మామూలు అర్జీ ఇస్తే ఏమవుతుంది? దానికో నంబరు పడుతుంది, ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు పోతుంది, "సంబంధిత అధికారికి పంపడమైనది" అని ఫోనుకు మెసేజి వస్తుంది, ఈలోగా గడువు దాటిపోతుంది. కాబట్టి నోటిఫికేషన్‌లో ఎవరి పేరుకు రాయమన్నారో ఆ హోదాకే రాయండి, నోటిఫికేషన్ నంబరు, తేదీ పైనే వేయండి, తపాల్ సెక్షన్‌లో ఇచ్చి మన దగ్గరుండే కాపీ మీద స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయకుండా అక్కడ నుంచి కదలకండి. మొహమాటపడాల్సిన పని లేదు, అది మన హక్కు.

అపోహ: లారీల్లో మందిని తోలుకొస్తే ప్రాజెక్టు ఆగిపోతుంది.

బహిరంగ విచారణ ఓటింగ్ కాదు. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద గనులకు, సిమెంటు ఫ్యాక్టరీలకు జరిగే విచారణలకు ఇంతమంది రావాలన్న కోరం లేదు, చేతులెత్తించి లెక్కపెట్టడం లేదు. పది మంది వచ్చినా అది విచారణే, పదివేల మంది వచ్చినా అది విచారణే. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో ఎవరేం చెప్పారో ఆ సారాంశాన్ని మన భాషలో సభకు చదివి వినిపించాలి. మన వాళ్లు చేసే తప్పు ఆ చివర్లోనే. మధ్యాహ్నం దాకా గొడవపడి, ఎండకు తట్టుకోలేక సారాంశం చదివే వేళకు వెళ్లిపోతారు. మీరు చెప్పిన మాట అందులో పడిందా లేదా అన్నది అప్పుడే తేలుతుంది. పడకపోతే అక్కడే లేచి అడగాలి. రాసుకొచ్చిన కాగితం ఇస్తే ఇంకా మంచిది, దుమ్ము వల్ల నష్టమంటే ఏ పొలం, ఏ పంట, బోరు ఎన్ని అడుగులు, స్కూలు ఎంత దూరం, అన్నీ రాసి.

ఇంకో సంగతి. పెద్ద ప్రాజెక్టు ఏదైనా సరే విచారణ జరుగుతుందిలే అనుకుని కూర్చోవద్దు. సౌర విద్యుత్ పార్కులకు ఈ నోటిఫికేషన్ వర్తించదు. మన రాయలసీమ జిల్లాల్లో వేల ఎకరాలు సోలార్ కిందికి పోతున్నాయి కదా, అక్కడ మన మాట పడాల్సింది భూమి దగ్గర, పంచాయతీ దగ్గర.

అపోహ: గ్రామసభ అంటే సర్పంచ్ గారి మీటింగ్.

ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యులే. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది, మన 1994 పంచాయతీరాజ్ చట్టం ఆరో సెక్షన్ అదే చెబుతుంది. ఎవరూ మిమ్మల్ని పిలవనక్కర్లేదు.

అపోహ (ఇది మా ఆఫీసువాళ్లది): సభకు రాలేదంటే ఒప్పుకున్నట్టే.

ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లు తెలిసినవాళ్లకు సుగ్గి అంటే ఏంటో చెప్పక్కర్లేదు. దసరా, దీపావళి దాటితే ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ పత్తి చేలకు పిల్లాపాపలతో వలస పోతారు, ఉగాదికి ఊరు చేరతారు. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సిన కాలం ఎప్పుడో తెలుసా? అక్టోబరు 2 నుంచి మొదలయ్యే నెలల్లోనే. అంటే ఊళ్లో అందరికంటే అవసరమున్న మనుషులు లేనప్పుడే వాళ్ల అవసరాలు అడుగుతున్నాం.

కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో నేనే ఆ తప్పు చేశాను. నవంబరులో సభ పెట్టాం, దండోరా వేయించాం, నోటీసు అంటించాం, పద్ధతి ప్రకారం అన్నీ చేశాం. వచ్చినవాళ్లు ఊరి నడుమ ఇళ్లవాళ్లే. కొళాయి లైను ఏ వీధుల మీదుగా పోవాలో వాళ్లు చెప్పారు, ఎవరూ అడ్డు చెప్పలేదు, తీర్మానం రాసి సంతకం చేశాను. ఉగాదికి జనం తిరిగొచ్చి చూస్తే లైను కాలనీకి రెండు వీధుల ముందే ఆగిపోయింది. ఒక పెద్దావిడ నా ముందు బిందె పెట్టి, "మేము ఊళ్లో లేమని మాకు దప్పిక లేదనుకుంటివా నాయనా" అంది. ఆమెకు ఇచ్చేందుకు నా దగ్గర జవాబు లేదు, ఉన్నదల్లా అన్ని సంతకాలూ సరిగ్గా ఉన్న తీర్మానాల పుస్తకం.

ఆ తర్వాత సంవత్సరం నుంచి పద్ధతి మార్చుకున్నాను. అసలు గ్రామసభ తేదీ చట్టం ప్రకారమే, కానీ సుగ్గికి పోకముందే, సెప్టెంబరులో, కాలనీల్లోనే పొద్దు మునిగాక కూర్చుని ఎవరికి ఏం కావాలో రాసుకునేవాళ్లం. ఆ జాబితాను సభలో చదివించి తీర్మానంలో చేర్చేవాళ్లం. ఏదైనా మార్పు వస్తే కూలీలను తీసుకుపోయిన మేస్త్రి ఫోనుకు చేసి, స్పీకర్ ఆన్ చేయించి, గుడిసెల దగ్గర వాళ్లందరితో మాట్లాడేవాణ్ణి. ఇందుకు జీవో అక్కర్లేదు, రీఛార్జి చాలు.

ఆడవాళ్ల సంగతీ ఇంతే. గ్రామసభలో వెనక నిలబడతారు, మాట్లాడమంటే మొగుళ్ల వైపు చూస్తారు. అదే మనుషులు పొదుపు సంఘం మీటింగులో లెక్కలన్నీ నోటితో చెప్పేస్తారు. నీళ్లు ఎన్ని గంటలకు వదలాలన్న విషయం మీద ఒక ఊళ్లో సభలో వచ్చిన జవాబు "ఎప్పుడైనా పర్లేదు". సంఘం మీటింగులో అడిగితే తేలింది, పొద్దున ఏడింటికి వదిలితే పనికి పోయే ఏ ఇంటికీ నీళ్లు దక్కడం లేదని. ఐదున్నరకు మార్చాం, పైసా ఖర్చు లేదు. అడిగే చోటు మారిస్తే జవాబే మారింది.

అపోహ (ఇదీ మాదే): జనానికి లెక్కలు అర్థం కావు.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. దాంతోపాటు వచ్చిన సామాజిక తనిఖీలో ఊరి నడుమ మస్టరు చదివి వినిపించేవాళ్లు: ఫలానా మనిషి, ఇన్ని రోజులు, ఇంత కూలి. చదువురాని అమ్మలు లేచి "ఆ వారం నేను పనికే పోలేదు, నా పేరున డబ్బు ఎవరు తీసుకున్నారు" అని అడిగారు. లెక్క వాళ్ల భాషలో వినిపించింది కాబట్టి అర్థమైంది. "మీకేం కావాలి" అని ఊరికే అడిగితే సీసీ రోడ్డు అంటారు. పోయిన ఏడాది ఎంత వచ్చింది, దేనికెంత పోయింది, ఇప్పుడు ఎంత ఉంది అని చదివి, ఆ తర్వాత అడగండి, జవాబులు వేరేలా వస్తాయి.

అపోహ: తీర్మానం చేశాం, ఇక పని జరిగి తీరాలి.

తీర్మానం కావాలి, కానీ అది డబ్బు కాదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నారు, మిగతా 40 శాతంలోనే ఊరి ఇతర అవసరాలు, అందులోనూ జీతాలకు వాడకూడదన్నారు. ఇలాంటి నియమం సభ మొదట్లో చెబితే సగం గొడవలు ఉండవు. శ్మశానం ప్రహరీని తాగునీటి నిధుల్లో అడిగి, రాకపోతే సర్పంచ్ తినేశాడనే ఊళ్లు చూశాను. నిజంగా తినేశాడేమో చూడాలంటే ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో మీ పంచాయతీ పేరు కొట్టి ప్రణాళిక, చెల్లింపులు చూడండి. ఫోనున్న ఏ పిల్లవాడైనా చూపిస్తాడు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. చాలా ఊళ్లలో ఏళ్ల తర్వాత జనం కూర్చున్నారు, నాకు చాలా సంతోషమైంది. ఆ రోజు మీ ఊళ్లో చేసిన తీర్మానాల్లో ఎన్ని పూర్తయ్యాయో తర్వాతి సభలో చదవమని అడిగారా? అడగకపోతే వచ్చే సభలో మొదటి అంశం అదే కావాలి.

అపోహ: ఇవన్నీ పల్లెలకే, టౌనులో మనకేం లేదు.

3 లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణంలో ఉంది. 2011 లెక్కల ప్రకారమే కర్నూలు, కడప ఆ సంఖ్య దాటాయి. మీ డివిజన్‌కు కమిటీ ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది, కార్పొరేటర్ గారిని అడగండి. కరెంటు ఛార్జీల మీద కూడా ప్రతి ఏటా విద్యుత్ నియంత్రణ మండలి అభ్యంతరాలు తీసుకుంటుంది, 2003 విద్యుత్ చట్టం ప్రకారం వాటిని పరిశీలించాకే టారిఫ్ ఇవ్వాలి. ఆ మండలి ఆఫీసు ఇప్పుడు కర్నూలులోనే ఉంది. అభ్యంతరం రాయడానికి లాయరు అక్కర్లేదు, బిల్లు కట్టే ఎవరైనా రాయొచ్చు.

ఇక మీరు రాసిచ్చినదాన్ని ఏం చేశారో తెలుసుకోవడం. సమాచార హక్కు కింద మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో అడిగితే ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే వివరాలు లేని జవాబే వస్తుంది. ఫలానా తేదీ గ్రామసభ తీర్మానం నకలు, హాజరు సంతకాల పేజీ నకలు, ఫలానా డ్రాఫ్టు మీద వచ్చిన అభ్యంతరాల జాబితా, ఒక్కొక్కదాని ఎదురుగా తీసుకున్న నిర్ణయం, ఇలా పేరు పెట్టి అడగండి. మీ అభ్యంతరం స్టాంపు కాపీ జిరాక్సు దానికి జత చేయండి.