డీజిల్ వ్యాన్ దారిలో ఆగిపోతుంటే: పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

మీ నాన్న వ్యాను మళ్లీ ఆగిపోయిందని, ఈసారి అనంతగిరి ఘాట్‌లో చాలాసేపు నిలబడిపోయారని చెప్పారు. నాజిళ్లన్నీ, అంటే ఇంజనులోకి డీజిల్ చిమ్మే ముక్కులన్నీ, మార్చాలని మెకానిక్ అంటున్నాడట. ఫోన్లో చెప్తే సగం మీకు గుర్తుండదు, సగం నాకు గుర్తు రాదు. అందుకే రాస్తున్నాను. ఇందులో చెప్పినవి చూసేదాకా ఏమీ మార్చకండి.

డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్లోకి వచ్చిన గాలిని పిస్టన్ ఇంచుమించు ఇరవయ్యో వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అప్పుడు నాజిల్ డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజను కూడా ఇలా పనిచేసిందే. అంటే స్టార్టయ్యాక మీ పాత బండికి కావలసినవి రెండే: గాలి, డీజిల్. పొద్దున్నే చక్కగా స్టార్టయి, పొగ లేకుండా నడిచి, దారిలో ఆగుతోందంటే చాలాసార్లు డీజిల్ అందడం లేదనే అర్థం. నాజిల్ పాడైతే పొగ వస్తుంది, ఇంజను టకటకా కొట్టుకుంటుంది, మిస్ కొడుతుంది. అంతేగానీ నాలుగు నాజిళ్లూ కూడబలుక్కుని ఒకే క్షణంలో చెడిపోవు కదా!

కాబట్టి పానా పట్టుకునే ముందు, బండి ఎలా ఆగిందో నాన్నను అడగండి. కీ తిప్పి ఆపినట్టు టక్కున ఆగితే వైరు పని. తిరుగుతూ అన్ని నాజిళ్లకూ డీజిల్ పంచే రోటరీ పంపు ఉన్న బండ్లలో ఆ పంపు మీద స్టాప్ సోలినాయిడ్ అనే కరెంటు వాల్వు ఉంటుంది. దానికి కరెంటు అందినంతసేపే డీజిల్ వదులుతుంది. కీ ఆన్ చేస్తే 'టిక్'మని వినిపించాలి. అదురుకు ఆ వైరు వదులైతే ఎంత మంచి ఇంజనైనా ఆగిపోతుంది. బిగించడానికి పైసా ఖర్చు లేదు.

అలా కాకుండా లాగుడు తగ్గి, రేజ్ పెరుగుతూ తగ్గుతూ చివరికి ఆగితే ట్యాంకు దగ్గర మొదలుపెట్టండి. ఆగిన వెంటనే మూత తిప్పితే 'సుయ్'మని గాలి లోపలికి పోయిందా? మూతలో గాలి రంధ్రం పూడిపోయింది. డీజిల్ తగ్గే కొద్దీ ఆ చోటుకు గాలి రావాలి, రాకపోతే పంపు లాగలేదు. మూత కడిగితే సరిపోతుంది.

మూత బాగుంటే అసలు దొంగ సంగతి చెప్తాను. ట్యాంకు నుంచి, డీజిల్‌ను లాగి ముందుకు పంపే ఫీడ్ పంపు దాకా పైపులో ఉండేది ఒత్తిడి కాదు, లాగుడు. కొబ్బరి బొండంలో వేసిన స్ట్రాకు పైన చిల్లు పడితే నీళ్లు బయటికి కారవు, నోట్లోకి గాలి వస్తుంది. ఇక్కడా అంతే. రబ్బరు పైపు పగిలినా, క్లిప్ వదులైనా, రాగి వాషర్ అరిగినా చుక్క కూడా కారదు. అందుకే చాలామంది కింద తడి లేదు కదా అని వదిలేస్తారు. గాలి నొక్కితే నలుగుతుంది, డీజిల్ నలగదు. నాజిళ్లకు డీజిల్ పంపే పంపులో గాలి చేరితే నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు, ఆ ఒత్తిడి వంద బార్ల పైమాటే (ఒక బార్ అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి).

కనిపెట్టడం తేలికే. ఫీడ్ పంపుకు వచ్చే పైపు మధ్యలో జానెడు పారదర్శక పైపు వేసి, ఇంజను నడుస్తుండగా చూడండి. బుడగలు వరసగా వస్తుంటే గాలి పడుతున్నట్టే. తర్వాత ట్యాంకు పైపు తీసేసి, శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి అక్కడి నుంచి లాగనివ్వండి. రిటర్న్ పైపు కూడా ఆ డబ్బాలోనే పెట్టండి, లేకపోతే అదంతా ట్యాంకులోకి పోతుంది. నిలబెట్టిన చోటే అరగంట నడిచినా ఆగకపోతే తప్పు ట్యాంకు వైపు పైపుల్లోనే.

పైపు మార్చాక లోపల చిక్కిన గాలిని బయటికి పంపాలి, దాన్నే ఎయిర్ తీయడం అంటారు. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ నురగ పోయి నిండు డీజిల్ వచ్చాక బిగించండి. సెల్ఫ్ ఒకేసారి పది సెకన్లకు మించి కొట్టొద్దు. నాజిల్ పైపుల నట్ల జోలికి మీరు వెళ్లొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. ఇక సీఆర్‌డీఐ బండ్లలో, అంటే కంప్యూటర్ నాజిళ్లను నడిపే కొత్త రకం డీజిల్ బండ్లలో, ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, అక్కడ ఈ చిట్కాలేవీ పనికిరావు.

ఫిల్టర్ ఎప్పుడు మార్చారో నాన్నకు గుర్తులేకపోతే మార్చేయండి. దాని అడుగు స్క్రూ విప్పి గాజు గ్లాసులోకి వదిలితే నీళ్లుంటే కిందికి దిగుతాయి.

ఘాట్‌లో మళ్లీ ఆగితే బ్రేకు ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టమని నాన్నకు చెప్పండి. ఇంజను ఆగాక, బ్రేకు తొక్కడం తేలిక చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. హ్యాండ్ బ్రేక్ వేశాక, చక్రం కింద రాయి పెట్టాకే బానెట్ ఎత్తాలి.

ఇవన్నీ చూశాక కూడా వేడెక్కితేనే ఆగి, చల్లారితే స్టార్టవుతుంటే రోటరీ పంపు లోపల అరిగి ఉండొచ్చు. వేడికి డీజిల్ పల్చబడి ఆ సందుల్లోంచి జారిపోతుంది. ఆగినప్పుడు పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపాగి చూడండి, స్టార్టయితే అనుమానం బలపడుతుంది. అప్పుడు పంపు విప్పే ముందు, తిరిగి అదే స్థానంలో బిగించేందుకు టైమింగ్ గుర్తు పెట్టించి, పంపులు సరిచూసే కాలిబ్రేషన్ షాపుకే పంపండి. రోడ్డు పక్కన మాత్రం విప్పనివ్వొద్దు.

మీ తాతయ్య