వీడ్కోలు పలికి, తిరిగి వస్తామన్నాడు

1901 జనవరి 29న అమెరికా ప్రతినిధుల సభలో వ్యవసాయ శాఖ పద్దుపై చర్చ జరుగుతోంది. నార్త్ కరోలినా సభ్యుడు జార్జ్ హెన్రీ వైట్ లేచారు. అప్పటి కాంగ్రెస్‌లో నల్లజాతి సభ్యుడు ఆయన ఒక్కరే. కొన్ని వారాల్లో ఆయన పదవీకాలమూ ముగుస్తుంది. ఇది కాంగ్రెస్‌కు నల్లవారి తాత్కాలిక వీడ్కోలు కావచ్చు, ఫీనిక్స్ పక్షిలా మళ్లీ లేచి వస్తారు అని ఆయన ప్రకటించారు.

1870లోనే ఇద్దరు నల్లవారు కాంగ్రెస్‌లో అడుగుపెట్టారు. సెనేట్‌కు హైరమ్ రెవెల్స్, ప్రతినిధుల సభకు జోసెఫ్ రేనీ. ఆ దారిని పట్టుబట్టి మూసేశారు. 1898 నవంబరులో నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్‌లో సాయుధులైన తెల్లవారు ఎన్నికైన నగర పాలకవర్గాన్ని కూలదోసి నల్లవారిని చంపారు, వారి పత్రికా కార్యాలయాన్ని తగలబెట్టారు. రెండేళ్లకు రాష్ట్ర రాజ్యాంగ సవరణ వచ్చింది. ఓటు కావాలంటే చదవడం, రాయడం రావాలి, పన్ను కట్టాలి. 1867 జనవరి 1 నాటికి, అంటే నల్లవారికి ఓటు లేనప్పుడు, ఓటున్నవారి సంతానానికి మాత్రం చదువు పరీక్ష లేదు. బానిసలకు చదువు చెప్పడం నేరమని 1830లో చట్టం చేసిన రాష్ట్రమే ఈ పరీక్ష పెట్టింది! ఇంతకన్నా నిర్దయ ఏముంటుంది?

ఆ ప్రసంగంలో అందరూ గుర్తుంచుకున్నది వీడ్కోలు వాక్యం. నన్ను కదిలించేది మాత్రం వైట్ చదివిన లెక్క. బానిసత్వం పోయిన మూడు, నాలుగు దశాబ్దాల్లోనే తన జనం నిరక్షరాస్యతను 45 శాతం తగ్గించుకున్నారని, రెండు వేలకు పైగా న్యాయవాదులయ్యారని, సుమారు 1,40,000 పొలాలు, ఇళ్లు సంపాదించుకున్నారని వినిపించారు. ఆయన ఆశకు ఆధారం ఆ కష్టమే.

పదవి పోయాక ఆయన నార్త్ కరోలినాకు తిరిగి వెళ్లలేదు. ఫిలడెల్ఫియాలో నల్లవారి కోసం బ్యాంకు స్థాపించారు. న్యూజెర్సీలో వైట్స్‌బోరో అనే ఊరు కట్టడానికి పూనుకున్నారు. 1918లో ఆయన కన్నుమూసేనాటికి కాంగ్రెస్‌లో నల్లజాతి సభ్యుడెవరూ లేరు.

ఆ లోపే లక్షల మంది నల్లవారు దక్షిణాదిని విడిచి ఉత్తరాది నగరాలకు తరలసాగారు. అక్కడ ఓటు వేయగలిగారు. ఆ బలంతోనే 1928లో షికాగో నుంచి నల్లజాతి నేత ఆస్కార్ డి ప్రీస్ట్ కాంగ్రెస్‌కు గెలిచారు. వైట్ సొంత రాష్ట్రం నుంచి మాత్రం 1992లో గానీ నల్లజాతివారైన ఇవా క్లేటన్, మెల్ వాట్ ఎన్నిక కాలేదు.

మూకహత్యలను ఫెడరల్ నేరంగా చేయాలంటూ వైట్ 1900లో పెట్టిన బిల్లు కమిటీ దాటలేదు. అలాంటి చట్టంపై అధ్యక్షుడి సంతకం పడింది 2022 మార్చిలో.