ఐలన్ మోర్ లైట్‌హౌస్‌లో దయ్యం లేదర్రా

బంగారాలూ,

స్కాట్లండ్ దగ్గర దీవిలో ముగ్గురు లైట్‌హౌస్ వాళ్ళని దయ్యం ఎత్తుకుపోయిందంట, నిజమేనా తాతా అని అడిగారు కదా, అది ఫోన్లో తేలేది కాదు, అందుకే రాస్తన్నాను.

ఆ దీవి పేరు ఐలన్ మోర్, ఫ్లానన్ దీవుల్లో పెద్దది, లూయిస్ దీవికి పడమరగా 30 కిలోమీటర్ల పైనే నడిసంద్రంలో ఉంటాది, చుట్టూ నిట్టనిలువు కొండే. రాయీ సామానూ అంతా పడవల్లోంచి పైకి లాక్కుంటా కట్టి 1899 డిసెంబర్ 7న దీపం వెలిగించారు. దీవిలో ముగ్గురుండాలి, నాలుగో ఆయన ఒడ్డున ఉంటాడు, వంతులేసుకుని మారతారు.

మరుసటేడు డిసెంబర్ 15 రాత్రి అటెళ్ళిన స్టీమర్ వాళ్ళకి దీపం కనపడలేదు. 20న రావాల్సిన బోటు గాలీవానకి ఆగిపోయి 26న వచ్చింది. అందులో వంతు మారడానికొచ్చిన జోసెఫ్ మూర్ పైకెళ్ళి చూస్తే జేమ్స్ డుకాట్, థామస్ మార్షల్, డొనాల్డ్ మెకార్థర్ ముగ్గురూ లేరు. గిన్నెలు కడిగున్నాయి, దీపాలు తుడిచి నూనె పోసున్నాయి, పలక మీద 15 పొద్దున 9 గంటల వాతావరణం లెక్క రాసుంది. సగం తిని వదిలేసిన భోజనం, ఏడ్చారని రాసిన డైరీ అంటారే, అవన్నీ తర్వాత ఎవరో కల్పించినవే.

చూడాల్సింది పడమటి రేవు. నీటికి 33 మీటర్ల ఎత్తున పెట్టిన తాళ్ళ పెట్టె పగిలిపోయింది, ఇనప రెయిలింగు వంకర్లు తిరిగింది, 60 మీటర్ల పైన కూడా గడ్డి పెళ్ళలు లేచిపోయాయి! మన భావనపాడు దగ్గర ఇసక తీరం కాబట్టి అల విరిగి పాక్కుంటా వస్తాది, అక్కడ లోతు నీళ్ళు తిన్నగా కొండని కొడతాయి, ఇరుకు సందులో దూరిన నీటికి పక్కకి పోడానికి చోటుండదు, పైకే లేస్తాది. 2018లో తిత్లీ తుఫానుకి సముద్రం ఎలా ఉందో మీ నాన్ననడగండి, గాలి తోడైతే నీటికి ఎంత బలమో చెప్తాడు. ఎంక్వయిరీ చేసిన రాబర్ట్ మ్యూర్‌హెడ్ కూడా, పెట్టె భద్రం చెయ్యడానికెళ్ళిన వాళ్ళని పెద్ద అల లాక్కుపోయిందనే తేల్చాడు.

ఇద్దరు వానకోట్లు తొడుక్కెళ్ళారు, మెకార్థర్ కోటు మాత్రం ఇంట్లోనే ఉంది. దీపం దగ్గర ఒకరు ఉండి తీరాలని రూలు, అయినా ఆ చలిలో కోటు లేకుండా బయటికెళ్ళాడంటే తోటోళ్ళకి ప్రమాదమని పరిగెట్టాడనే నా నమ్మకం. అలాంటి మనిషిని దయ్యం కథలో బొమ్మని చేస్తే నాకు బాధేస్తాది.

1971 నుంచి అక్కడ మనుషులుండట్లేదు, దీపం ఆటోమేటిక్. సంక్రాంతికి రండి, కళింగపట్నం లైట్‌హౌస్ చూపిస్తాను.

మీ తాత