డంప్ కేక్‌లో గరిటె ఎందుకు పెట్టకూడదు: అపోహలు – వాస్తవాలు

మే నెల. నున్న మార్కెట్ నుంచి తెచ్చిన బంగినపల్లి కాయలు గడ్డిలో అన్నీ ఒకేసారి ముగ్గాయి. లేదా అటక మీద పైనాపిల్ డబ్బా ఒకటి ఎన్నాళ్లుగానో ఉండిపోయింది. అలాంటప్పుడు డంప్ కేక్ బాగా పనికొస్తుంది. కింద పండ్లు పోసి, పైన పొడి పిండి చల్లి, ఆ పైన బటర్ పరిచి కాల్చేయడమే. గుడ్డు అక్కర్లేదు, బీటర్ అక్కర్లేదు. అయినా చాలా ఇళ్లలో మొదటిసారి చెడిపోతుంది. గంట తర్వాత తీసి చూస్తే పైన తెల్లగా పచ్చి మైదా, కింద పల్చటి పులుసు.

కారణం ఒక్కటే. దీన్ని మనం కలపం. కాబట్టి పైన ఉన్న ప్రతి చిటికెడు పిండికీ తడి అందాలంటే రెండే దారులు: కింద మరిగే పండ్ల రసం, పైన కరిగే బటర్. ఈ రెండూ ఎక్కడ అందకపోతే అక్కడ పిండి పిండిగానే మిగిలిపోతుంది. కింద రాసిన అపోహల్లో చాలావాటికి మూలం ఈ లెక్క మర్చిపోవడమే.

ముందు కొలతలు. 20 సెంటీమీటర్ల (ఎనిమిది అంగుళాల) చదరపు గిన్నెకు: పండ్లు, వాటి రసం కలిపి 600 గ్రాములు, మైదా 120 గ్రాములు, సన్న పంచదార 90 గ్రాములు, పాలపొడి 15 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక టీ స్పూను, బటర్ 100 గ్రాములు. ఉప్పు లేని బటర్ అయితేనే పావు టీ స్పూను ఉప్పు. కొట్లో దొరికే పసుప్పచ్చ బటర్‌లో ఉప్పు ముందే ఉంటుంది. యాలకుల పొడి వేసుకుంటే పిండిలో కలపండి, వెనిల్లా ఎసెన్స్ అయితే పండ్లలో కలపండి. ఓటీజీని (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర పదిహేను నిమిషాలు ముందుగా వేడి చేసి, పైనా కిందా రెండు రాడ్లూ వెలిగించి, మధ్య అరలో 50 నుంచి 60 నిమిషాలు కాల్చాలి.

అపోహ: అన్నీ ఒకసారి కలిపేస్తే ఇంకా బాగా వస్తుంది.

వాస్తవం: ఇంతకన్నా గ్యారంటీగా చెడగొట్టే పద్ధతి లేదు. మైదా రసంలోకి దిగితే ఉడికి జిగురుగా మారుతుంది. అడుగున కేక్ బదులు సంగటి ముద్ద లాంటిది తయారవుతుంది. ఆ ముద్ద బరువుకు బేకింగ్ పౌడర్ బుడగలు పైకి లేవలేవు. పిండి రసం మీద పరుచుకుని ఉంటేనే కింది సగం ఆవిరికి మెత్తగా ఉబ్బుతుంది, పై సగం బటర్‌లో వేగి బిస్కెట్ లాగా కరకరలాడుతుంది. ఆ మెత్తదనం, ఈ కరకర రెండూ కలిసి దక్కడం కోసమే కదా దీన్ని చేసుకునేది. కలపాల్సింది పొడి దినుసులను మాత్రమే. మైదా, పంచదార, పాలపొడి, బేకింగ్ పౌడర్ కలిపి రెండుసార్లు జల్లించండి. ఆ తర్వాత పండ్ల మీద చేత్తో ముగ్గు పిండి చల్లినట్టు సమంగా చల్లండి. మధ్యలో గుట్టగా పోసి గరిటెతో నెడితే కింది పండ్లు కూడా పక్కకు జరుగుతాయి.

అపోహ: ఏ గిన్నె అయినా పర్లేదు, కొలత ఒకటే.

వాస్తవం: పచ్చి పిండి మిగిలిపోవడానికి సగం కారణం గిన్నె. 20 సెంటీమీటర్ల చదరపు గిన్నె అడుగు 400 చదరపు సెంటీమీటర్లు. పైన చెప్పిన పొడి అందులో సెంటీమీటరు కన్నా తక్కువ మందంలో పరుచుకుంటుంది. ఆ మందంలో కింది రసం, పై బటర్ మధ్యలో కలుసుకోగలవు. అదే పొడిని మన ఇళ్లలో ఎక్కువగా ఉండే 18 సెంటీమీటర్ల గుండ్రటి కేక్ టిన్నులో పోస్తే, అడుగు 254 చదరపు సెంటీమీటర్లే కాబట్టి పొర మందం దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు అవుతుంది. నడిమి పిండికి ఏ వైపు నుంచీ తడి అందదు. గుండ్రటి టిన్నే ఉంటే అన్ని దినుసులూ మూడింట రెండు వంతులకు తగ్గించుకోండి.

గిన్నె దేనితో చేసిందో కూడా చూసుకోవాలి. పైనాపిల్, ద్రాక్ష లాంటి పులుపు పండ్లు పూత లేని అల్యూమినియం టిన్నులో గంటసేపు మరిగితే లోహపు రుచి పడుతుంది, అంచులు నల్లబడతాయి. అడుగునా గోడలకూ బటర్ పేపర్ వేయండి, లేకపోతే ఓవెన్‌కు పనికొచ్చే గాజు గిన్నె వాడండి. గాజు గిన్నెలో ఇంకో సౌలభ్యం ఉంది. మధ్యలో రసం మరుగుతోందో లేదో పక్కనుంచి కనిపిస్తుంది. దాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో మాత్రం పెట్టకండి, పగులుతుంది.

అపోహ: పండు ఏదైనా ఒకటే, ముక్కలు కోసి వేస్తే చాలు.

వాస్తవం: ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి. 600 గ్రాముల్లో కనీసం 150 మిల్లీలీటర్లు గిన్నె వంచితే కదిలేంత పల్చటి రసం ఉండాలి. ముక్క లోపల ఉన్న నీరు ఓవెన్‌లో ఆలస్యంగా బయటికొస్తుంది. అప్పటికే పైన పిండి ఎండిపోతుంది.

బంగినపల్లి ముక్క గట్టిగా నిలబడుతుంది, పీచు ఉండదు. ఈ కేక్‌కు అదే మంచిది. 450 గ్రాముల ముక్కలకు రెండు టేబుల్ స్పూన్ల పంచదార, ఒక టేబుల్ స్పూను నిమ్మరసం కలిపి అరగంట పక్కన పెడితే కొంత రసం ఊరుతుంది. దానికి నీళ్లు చేర్చి 150 మిల్లీలీటర్లు చేయండి. నూజివీడు చిన్న రసాలు రుచిలో మేటి. కానీ వాటిని పిండిన రసం చిక్కన, పీచు ఉంటుంది. ఒక్క రసమే పోస్తే దాని నుంచి పిండికి నీరు వదలదు, పైన పొడి పొడిగానే ఉండిపోతుంది. పిండిన రసం 200 మిల్లీలీటర్లు, నీళ్లు 100 మిల్లీలీటర్లు, బంగినపల్లి ముక్కలు 300 గ్రాములు కలిపి చూడండి. రసాల వాసనా బంగినపల్లి ముక్కా రెండూ దక్కుతాయి. డబ్బా మామిడి గుజ్జుకూ ఇదే లెక్క: 400 గ్రాములకు 100 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, మిగతా 100 గ్రాములకు ఏవైనా పండ్ల ముక్కలు వేయండి.

డబ్బా పైనాపిల్ అయితే 400 గ్రాముల ముక్కలు, 200 మిల్లీలీటర్ల డబ్బా పాకం. పాకంలో తీపి ఉంటుంది కాబట్టి పొడిలో పంచదార 70 గ్రాములకు తగ్గించండి. తాజా పైనాపిల్ వాడితే ముక్కల్ని ముందుగా ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చాలి. పచ్చి పైనాపిల్‌లోని బ్రొమెలైన్ అనే ఎంజైమ్ పాల మాంసకృత్తుల్ని విరగ్గొట్టి చేదు తెస్తుంది. మన పొడిలో పాలపొడి ఉంది. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పనిచేయదు. జామ, ఆపిల్ కూడా ముందు ఉడికించాల్సినవే, లేకపోతే కేక్ అయిపోయినా ముక్క కరకరలాడుతూనే ఉంటుంది. అరటిపండు ఒక్కటే వేస్తే పేస్టు అయిపోతుంది, పైనాపిల్‌తో సగం సగం బాగుంటుంది. పుచ్చకాయ వద్దు, అంతా నీళ్లే.

టూటీఫ్రూటీ కూడా పండే కదా అని చాలామంది అడుగుతారు. అది పాకం పట్టి ఆరబెట్టిన బొప్పాయి. అందులో రసం లేదు. గుప్పెడు పైన చల్లుకోవచ్చుగానీ కింది పొరగా పనికిరాదు. ఖర్జూరం, కిస్‌మిస్ వాడాలనుకుంటే 100 గ్రాముల్ని 200 మిల్లీలీటర్ల వేడి నీళ్లలో గంట నానబెట్టి, ఆ నీళ్లతో సహా పండ్లలో కలపండి. మొత్తం 600 గ్రాములు దాటకూడదు.

అపోహ: బటర్ కరిగించి పోస్తే అంతటా పాకుతుంది.

వాస్తవం: పాకదు. కరిగిన బటర్ పొడి మీద పడగానే ఒకచోట గుంట చేసుకుని కిందికి దిగిపోతుంది. పక్కనే రెండు వేళ్ల దూరంలో పిండి పొడిగా ఉండిపోతుంది. గట్టి బటర్‌ను మూడు మిల్లీమీటర్ల మందాన పలచటి బిళ్లలుగా కోసి పరచడం మేలు. ఆ మందంలో 100 గ్రాములు దాదాపు 350 చదరపు సెంటీమీటర్లు కప్పుతాయి. అంటే మన గిన్నె పైభాగం కొద్ది సందులు తప్ప మొత్తం కవరైనట్టే. బెజవాడ ఎండల్లో బటర్ కత్తి పెట్టగానే జారిపోతుంది కాబట్టి, ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి, బంగాళాదుంప చిప్స్ గీసే బల్ల మీద గీయండి. బిళ్లలు చిరిగినా ఫర్వాలేదు, ఖాళీ జాగా మిగలకపోతే చాలు. మూలల్ని మర్చిపోకండి. పచ్చి పిండి ఎక్కువగా దొరికేది అక్కడే.

నెయ్యి వాడొచ్చా? వాడొచ్చు, వాసన చాలా బాగుంటుంది. కానీ బటర్‌లో ఆరో వంతు దాకా నీరు ఉంటుంది, నెయ్యిలో దాదాపు ఉండదు. 80 గ్రాముల పేరుకున్న నెయ్యి తీసుకుని, పండ్లలో ఒక టేబుల్ స్పూను నీళ్లు అదనంగా పోయండి. నూనెతో మాత్రం పై పొర కరకరలాడదు, జిడ్డుగా ఉంటుంది.

అపోహ: బేకింగ్ పౌడర్ లేకపోతే అంతే వంటసోడా వేస్తే సరి.

వాస్తవం: వంటసోడా మూడు నాలుగు రెట్లు ఘాటు. ఒక టీ స్పూను వేస్తే కేక్ సబ్బు రుచి వస్తుంది, రంగు ముదురుతుంది. పావు టీ స్పూను చాలు, అదీ నిమ్మరసమో పైనాపిలో ఉన్నప్పుడే. తెరిచి చాలాకాలమైన బేకింగ్ పౌడర్ మన తేమకు పని మానేస్తుంది. అర గ్లాసు వేడి నీళ్లలో ఒక టీ స్పూను వేసి చూడండి. వెంటనే బుస్సున పొంగితే వాడొచ్చు, నాలుగు బుడగలు వచ్చి ఊరుకుంటే పారేయండి.

అపోహ: గుడ్డు లేకపోతే కేక్ నిలబడదు.

వాస్తవం: ఇది ముక్కలుగా కోసే కేక్ కానే కాదు, చెంచాతో తీసి కప్పులో వేసుకునేది. నిలబడాల్సిన అవసరం లేదు. కార్తీక మాసంలోనూ నిక్షేపంగా చేసుకోవచ్చు.

అపోహ: పుల్ల గుచ్చి చూస్తే అయిందో లేదో తెలుస్తుంది.

వాస్తవం: మామూలు కేక్‌కు తెలుస్తుంది. ఇక్కడ పుల్ల పండ్ల రసంలోకి దిగుతుంది, ఎప్పుడు తీసినా తడిగానే వస్తుంది. దాన్ని నమ్మి ఇంకో అరగంట కాలిస్తే పైన మాడుతుంది. చూడాల్సినవి మూడు: పైన అంతా బంగారు రంగు, ఎక్కడా తెల్ల మచ్చ లేకపోవడం, రసం అంచుల్లోనే కాకుండా గిన్నె నడిమధ్య కూడా చిక్కగా బుడగలు రావడం. అంచుల్లో బుడగలు ముప్ఫై నిమిషాలకే వస్తాయి, అవి చూసి తీసేయకండి.

ముప్ఫై నిమిషాలప్పుడు ఒకసారి తలుపు తీసి చూడండి. తెల్ల మచ్చలుంటే అంచున మరిగే రసాన్ని చెంచాతో తీసి వాటి మీద పోసి, చెంచా వెనక భాగంతో మెల్లగా ఒత్తండి. రసం అందకపోతే ఒక చెంచా పాలు. అప్పుడు సరిచేస్తే ఆ మచ్చ కూడా మిగతా భాగంలాగే కాలుతుంది. చివర్లో చేస్తే పచ్చి వాసన పోదు.

అపోహ: ఓవెన్ లేకపోతే కుక్కర్‌లో అచ్చం అలాగే వస్తుంది.

వాస్తవం: వస్తుంది, కానీ అచ్చం అలాగే కాదు. మూతకింద ఆవిరి నిలుస్తుంది కాబట్టి పై పొర పాలిపోయి మెత్తగా ఉంటుంది. దీనికి విరుగుడు ముందే చేసుకోవాలి. మైదాను ఖాళీ మూకుట్లో సన్నసెగ మీద ఐదారు నిమిషాలు, బిస్కెట్ రంగు వచ్చేదాకా వేయించండి. పూర్తిగా చల్లారాకే బేకింగ్ పౌడర్ కలపాలి, వేడి మీద కలిపితే దాని బలం అప్పుడే అయిపోతుంది. వేయించిన పిండి కొంచెం ఎక్కువ తడి పీలుస్తుంది, రసం రెండు చెంచాలు పెంచండి. కుక్కర్ బదులు అడుగు మందంగా ఉన్న పాత దేగిసా తీసుకుని, అడుగున ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి పది నిమిషాలు వేడి చేయండి. కుక్కరే వాడితే గ్యాస్కెట్, వెయిట్ రెండూ తీసేయాలి. దేగిసా మూతకు పలచటి గుడ్డ చుట్టి కొసలు మూత పైన ముడివేస్తే నీటిబొట్లు కేక్ మీద పడవు. కొసలు కిందికి వేలాడకుండా చూసుకోండి, మంట అందుకుంటుంది. సన్నసెగ మీద గంట నుంచి గంటా పావు పడుతుంది. ఈ పద్ధతికి లోహపు టిన్నే వాడాలి, గాజు గిన్నె వద్దు.

మైక్రోవేవ్‌లో చేసేవాళ్లు కన్వెక్షన్ మోడ్‌లోనే, 170 డిగ్రీల దగ్గర చేయండి, ఫ్యాను గాలికి పైభాగం త్వరగా రంగు తేలుతుంది. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో పిండి ఉడుకుతుంది తప్ప కాలదు. ఓటీజీ కొత్తగా కొన్నవాళ్లకు ఒక మాట. 1500 వాట్ల ఓటీజీ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. దాన్ని చిన్న సాకెట్‌లో, ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టకండి, 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. వోల్టేజీ తక్కువున్న పూట గంట దాటినా కేక్ పాలిపోయే ఉంటే దోషం కొలతలది కాదు, ఇంకో పది నిమిషాలు ఇవ్వండి.

అపోహ: పంచదార సగానికి తగ్గించినా తేడా రాదు.

వాస్తవం: 90 గ్రాముల్ని 60 గ్రాములకు తగ్గించినా ఫర్వాలేదు. అంతకన్నా తగ్గితే పైన రంగు రాదు, పొర కాల్చిన రొట్టెలా గట్టిబడుతుంది. పంచదార తీపితో పాటు మెత్తదనాన్నీ రంగునూ ఇస్తుంది. బెల్లం పొడితో సగం మార్చుకోవచ్చు, ఉండలు లేకుండా జల్లించి వాడితే. మైదా బదులు గోధుమపిండి వాడితే మూడు చెంచాల రసం ఎక్కువ కావాలి.

అపోహ: డబ్బా పండు ఎన్నాళ్లున్నా చెడదు.

వాస్తవం: ఉబ్బిన డబ్బా, అంచు దగ్గర నొక్కుపడిన డబ్బా, తెరవగానే చిమ్మిన డబ్బా ఏదీ వాడకండి, రుచి చూడనూ వద్దు. సగం మిగిలిన పండును ఆ డబ్బాలోనే ఫ్రిజ్‌లో పెట్టకుండా స్టీలు గిన్నెలోకో గాజు గిన్నెలోకో మార్చండి.

అపోహ: వేడివేడిగా ఉన్నప్పుడే తినేయాలి, మిగిలింది కేకే కాబట్టి బయటే ఉంటుంది.

వాస్తవం: ఓవెన్‌లోంచి తీసిన వెంటనే రసం నీళ్లలా ఉంటుంది, నాలుక కూడా కాలుతుంది. ఇరవై ఐదు నిమిషాలు ఆగితే పిండిలోంచి దిగిన గంజి వల్ల రసం చిక్కబడుతుంది. అప్పుడు వెనిల్లా ఐస్‌క్రీమ్ ఒక ముద్ద పక్కన వేసుకోండి. మిగిలినదాన్ని మాత్రం బేకరీ కేక్‌లా బయట పెట్టకండి. ఇందులో సగానికి పైగా తడి పండే. ఎండాకాలం గుంటూరు వంటింట్లో మధ్యాహ్నం చేసింది సాయంత్రానికి పులుపెక్కొచ్చు. చల్లారగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మూడు రోజుల్లో తినేయండి. తినే ముందు 160 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడి చేస్తే పై పొర మళ్లీ కొంత కరకరలాడుతుంది.