హుగ్లీని మూడు దారుల్లో దాటాం

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

కోల్‌కతాలో ఆఖరి రోజు ఏమేం చూశారని ఫోనులో అడిగారు కదా. విక్టోరియా మెమోరియల్, మ్యూజియం అంతకుముందే చూసేశాం. బండి రాత్రికి. సామాను హౌరా స్టేషన్‌లో అప్పగించి, నేనూ తాతయ్యా పగలంతా హుగ్లీ నది దగ్గరే గడిపాం. చూడనివి ఇంకా ఎన్నో ఉన్నాయి, నిజమే. కానీ వెళ్లిపోయే రోజున నాలుగు చోట్లకు పరుగెత్తితే టికెట్ల వరుసలు తప్ప ఏమీ గుర్తుండవు. ఒక్క నదినే మూడు దారుల్లో దాటితే ఆ ఊరు ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

మొదట స్టేషన్ వైపు నుంచి అవతలి ఒడ్డుకు హౌరా వంతెన మీద నడిచాం. రాజమండ్రిలో 1900 నాటి హేవలాక్ వంతెన చూశారుగా, గోదావరిలో వరుసగా ఎన్ని స్తంభాలో! హౌరా వంతెనకు నీళ్లలో ఒక్క స్తంభం లేదు. హుగ్లీకి సముద్రపు పోటూ పాటూ ఉంటాయి, ఒండ్రు ఎక్కువ, పైగా అది ఓడల దారి. 1874 నుంచి అక్కడ తేలే వంతెన ఉండేది. ఓడ వచ్చినప్పుడు దాని మధ్య భాగాన్ని పక్కకు తప్పించేవారు. అంతసేపూ బళ్లూ మనుషులూ ఒడ్డున ఆగవలసిందే. 1943లో ఈ కొత్త వంతెన తెరిచాక ఆ ఇబ్బంది తీరింది. ఒడ్డుకొకటి చొప్పున రెండు ఉక్కు గోపురాలు నిలిపి, ఒక్కొక్క దాని నుంచి ముందుకూ వెనక్కూ చేతులు చాచినట్టు ఉక్కు చట్రాలు కట్టారు. వెనక చేతులను నేలకు గట్టిగా బిగించారు కాబట్టి ముందు చేతులు నదిలోకి వాలిపోవు. ఆ రెండింటి నడుమ మరో ముక్క పెట్టి కలిపారు. గోపురానికీ గోపురానికీ మధ్య 1500 అడుగులు! మనం నడిచే బాట పైనుంచి ఉక్కు కడ్డీలకు వేలాడుతూ ఉంటుంది. సుమారు 26,500 టన్నుల ఉక్కు పట్టింది, అందులో ఎక్కువ భాగం టాటా వారిది.

దగ్గరికి వెళ్లి చూడండి, ఉక్కు రేకుల మీద అరచేతికి తగిలే గుండ్రటి బొడిపెలు వరుసలు వరుసలుగా ఉంటాయి. అవి రివెట్లు. ఎర్రగా కాల్చిన మేకును రంధ్రంలో దూర్చి, రెండో కొసను కొట్టి తల చేస్తారు. చల్లారేటప్పుడు మేకు కుంచించుకుపోయి రెండు రేకులనూ దగ్గరికి లాగి బిగిస్తుంది. నేను చాలాసేపు వాటిమీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఎవరెవరు కొట్టిన మేకులో అవి!

ఒక సంగతి మాత్రం నాకు చాలా బాధ కలిగించింది. వంతెనను మోసే ఆ కడ్డీల మొదళ్ల దగ్గర జనం పాన్ నమిలి ఉమ్ముతూ వచ్చారు. దానికి ఉక్కు తినేసుకుపోతుంటే, కాపాడడానికి ఫైబర్ గ్లాస్ తొడుగులు వేయవలసి వచ్చింది. తుఫానులకు తట్టుకున్న వంతెనకు మన నోటి నుంచి రక్షణ కావలసి రావడమేమిటి, చెప్పండి!

వంతెన దిగగానే మల్లిక్ ఘాట్ పూల బజారు. బంతిపూల దండలను కట్టలు కట్టలుగా తల మీద పెట్టుకుని మనుషులు వస్తూనే ఉంటారు. అక్కడ దారికి అడ్డంగా నిలబడకూడదు. తాతయ్య ఒక దండ కొన్నారు.

తిరుగు దారిలో ఫెర్రీ ఎక్కాం. ఆఫీసులకు వెళ్లివచ్చే వాళ్లు రోజూ ఎక్కే పడవే అది, టికెట్టు చాలా తక్కువ. వంతెన ఎంత పెద్దదో నీళ్ల మీది నుంచి చూస్తేనే తెలుస్తుంది.

సాయంత్రం హౌరా నుంచి అవతలి ఒడ్డున ఊరి నడుమ ఉన్న ఎస్ప్లనేడ్‌కు మెట్రోలో వెళ్లి వచ్చాం. మన దేశంలో మొదటి మెట్రో 1984లో ఈ ఊళ్లోనే మొదలైంది. నది కింద సొరంగంలో రైళ్లు నడవడం 2024 మార్చి నుంచి. నది అడుగున సుమారు 520 మీటర్లు, ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. ఆ భాగంలో గోడలకు నీలి దీపాలు పెట్టారు, లేకపోతే నది కింద ఉన్నామన్న సంగతే తెలియదు. రెప్ప వేయకుండా కిటికీ వైపు చూడాలి.

వచ్చే సెలవుల్లో మీ అమ్మానాన్నలతో వెళితే, పూల బజారుకు తెల్లవారుజామునే చేరండి. వంతెన మీదికి ఎండ ముదరకముందే నడవండి. మెట్రో ఆఖరున పెట్టుకోండి.

మీ
అమ్మమ్మ