"బాగుంది" తర్వాత ఏం రాయాలి?

పిల్లలకు ఆశీస్సులు.

సెలవులు రాగానే ఓటీటీలో ఏం చూడాలా అని వెతుకుతారు. ఆ వెతుకులాటకే అరగంట పోతుంది. చివరికి ఏదో ఒక సిరీస్ పూర్తిచేస్తారు. ఎలా ఉందని పక్కింటి అమ్మాయి అడిగితే "సూపర్" అంటారు, లేదంటే "బోర్" అంటారు. ఆ ఒక్క మాటతో తను చూడాలో వద్దో ఆ అమ్మాయికి తేలదు. అందులో ఏముంది, ఏ సన్నివేశం మిమ్మల్ని పట్టి కూర్చోబెట్టింది, ఎక్కడ నమ్మకం పోయింది అన్నవి చెబితేనే ఆ సలహాకు విలువ. ఆ చెప్పడం ఎలాగో ఈ ఉత్తరంలో వివరంగా రాస్తున్నాను.

ముందు ఎంపిక సంగతి. సిరీస్ పేరు పక్కన వయసు గుర్తు ఉంటుంది, దాన్ని దాటేసి ముందుకు పోకండి. మన దేశంలో 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీ సంస్థలు ప్రతిదానికీ యు, యు/ఏ 7+, యు/ఏ 13+, యు/ఏ 16+, ఏ అనే అయిదు గుర్తుల్లో ఒకటి వేయాలి. ఆ గుర్తు ఎందుకు వేశారో కూడా చెప్పాలి. హింస, భయం, బూతు మాటలు, మత్తుపదార్థాలు ఇలా కారణం మొదట్లోనే కనిపిస్తుంది. గుర్తు కంటే ఆ కారణమే మీకు ఎక్కువ పనికొస్తుంది. బూతు మాటల వల్ల 16+ వచ్చినదానికీ, రక్తపాతం వల్ల 16+ వచ్చినదానికీ చాలా తేడా ఉంది. మీరు ఎవరికైనా ఒకటి సూచించేటప్పుడు గుర్తునూ దాని కారణాన్నీ మొదటి వాక్యంలోనే చెప్పండి. ఇంట్లో చెల్లెలో తమ్ముడో పక్కన కూర్చుని చూస్తారన్నది మరిచిపోవద్దు.

టాప్ టెన్ పట్టిక చూసి ఎంచుకుంటే పొరపాటు పడే అవకాశం ఎక్కువ. నెట్‌ఫ్లిక్స్ 2023 నుంచి లెక్కగట్టే పద్ధతి ఇది: అందరూ కలిపి చూసిన మొత్తం గంటలను ఆ సిరీస్ నిడివితో భాగిస్తారు. అంటే ఇద్దరు చెరో సగం చూసి వదిలేసినా అది ఒక వీక్షణ కిందే లెక్క. ఎంత చూశారో ఆ అంకె చెబుతుంది. నచ్చిందా లేదా అన్నది అందులో ఉండదు. "మీ కోసం" అంటూ తెరమీద వచ్చే వరస కూడా మీరు ఇంతకుముందు చూసినవాటి నుంచి తయారవుతుంది. మీ ప్రొఫైల్‌లో తమ్ముడు నెలరోజులు కార్టూన్లు చూస్తే ఆ వరస నిండా కార్టూన్లే వస్తాయి. అందుకే ఎవరి ప్రొఫైల్ వాళ్లకుండాలి. పొరపాటున చూసినవాటిని వీక్షణ చరిత్రలోంచి తీసేయొచ్చు. అదే సెట్టింగుల్లో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఏర్పాటును కూడా ఆపేయండి. ఎపిసోడ్ ముగిశాక రెండు నిమిషాలు ఖాళీ దొరికితేనే, చూసినదాని గురించి ఆలోచన మొదలవుతుంది.

ఇక అసలు పని. దీనికి ఒకే ఒక్క సిరీస్‌ను ఉదాహరణగా తీసుకుని లోతుగా చెబుతాను. సోనీ లివ్‌లో 2022 ఫిబ్రవరిలో వచ్చిన "రాకెట్ బాయ్స్". మన అణుపరిశోధనకు పునాది వేసిన హోమీ భాభా, అంతరిక్ష పరిశోధనకు పునాది వేసిన విక్రమ్ సారాభాయ్‌ల జీవితాల చుట్టూ అల్లిన కథ. దర్శకుడు అభయ్ పన్ను. మొదటి సీజన్ 8 ఎపిసోడ్లు, 2023 మార్చిలో వచ్చిన రెండో సీజన్ మరో 8. సైన్సు మీద ఆసక్తి ఉన్న పిల్లలకు నేను గట్టిగా సూచించేది ఇదే. అలాగే జాగ్రత్తగా చూడమని గట్టిగా చెప్పేది కూడా ఇదే.

ముందు ఇందులో ఏది బాగుందో చూద్దాం. భాభాగా జిమ్ సర్భ్ నటన. ఆయన భాభా గొప్ప శాస్త్రవేత్త మాత్రమే కాదు, పాశ్చాత్య సంగీతం, చిత్రకళ ఇష్టపడే దర్జా మనిషి, కాస్త మొండివాడు. నిజజీవితంలోనూ భాభాకు సంగీతం, చిత్రలేఖనం ప్రాణం. "నటన బాగుంది" అని రాసి ఆపేయకుండా, నటుడి శరీరంలో ఆ స్వభావం ఎక్కడ కనిపించిందో పట్టుకోండి. నడకలోనా, ఎదుటివాళ్ల మాట మధ్యలో అందుకోవడంలోనా, తలెత్తి చూసే తీరులోనా? అచింత్ ఠక్కర్ ఇచ్చిన సంగీతం ఇంకో బలం. ఒక సన్నివేశం మీకు ఉద్వేగం కలిగించిందనుకోండి. పది సెకన్ల చొప్పున వెనక్కి జరిపి, అదే సన్నివేశాన్ని శబ్దం తీసేసి మళ్లీ చూడండి. ఉద్వేగం ఇంకా నిలబడితే అది నటుల, రచయితల ఘనత. పూర్తిగా పోతే అది సంగీతం చేసిన పని. ఈ చిన్న పరీక్షతో ఎవరికి మార్కులు వేయాలో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఇబ్బంది ఎక్కడుందో చెబుతాను. చరిత్ర మీద తీసిన సిరీస్ చూసేటప్పుడు నోటుపుస్తకంలో పేజీని నిలువుగా మూడు గడులు చేసుకోండి. నిజంగా జరిగిందని రికార్డుల్లో ఉన్నది మొదటి గడిలో, జరిగి ఉండొచ్చు అనిపించే కల్పన రెండో గడిలో, మార్చేసినది మూడో గడిలో రాయండి. భాభా, సారాభాయ్ ఇద్దరూ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.వి. రామన్ ఉన్న కాలంలో పనిచేశారు, ఇది మొదటి గడి. సారాభాయ్ నర్తకి మృణాళినిని 1942లో పెళ్లాడారు, ఇదీ మొదటి గడే. ఆ ఇద్దరు స్నేహితులు ఒక రాత్రి గదిలో ఏం మాట్లాడుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ సంభాషణలన్నీ రెండో గడి, వాటిని తప్పుపట్టక్కర్లేదు.

మూడో గడికి వచ్చేసరికి రజా మెహ్దీ అనే పాత్ర నిలబడుతుంది. కలకత్తాలో సైక్లోట్రాన్ (పరమాణువులోని కణాలను గుండ్రంగా తిప్పి వేగం పెంచే యంత్రం) నిర్మించే భౌతిక శాస్త్రవేత్తగా, పార్లమెంటు సభ్యుడిగా, భాభా మీద ఈర్ష్య పెంచుకున్న ప్రత్యర్థిగా ఆయన్ను చూపిస్తారు. అలాంటి పేరుగల శాస్త్రవేత్త చరిత్రలో లేడు. కలకత్తాలో సైక్లోట్రాన్ పనికి పూనుకున్నది, 1952లో లోక్‌సభకు ఎన్నికైనది, అణుశక్తి విధానం మీద భాభాతో విభేదించింది మేఘనాద్ సాహా. ఢాకా దగ్గరి పల్లెలో పేద కుటుంబంలో పుట్టి, 1920లో నక్షత్రాల కాంతి నుంచి వాటి ఉష్ణోగ్రతను అర్థం చేసుకోవడానికి దారిచూపిన సమీకరణం ఇచ్చిన మనిషి ఆయన. అణుపరిశోధనను గోప్యత తెర వెనక ఒక్కచోట పెట్టకూడదని, విశ్వవిద్యాలయాల్లో అది పెరగాలని ఆయన వాదన. అది విధానం గురించిన గంభీరమైన చర్చ. సిరీస్ ఆ చర్చను ఒక కల్పిత ముస్లిం పాత్ర ఈర్ష్యగా కుదించేసింది. దీనివల్ల రెండు అన్యాయాలు జరిగాయి. సాహా పేరు పిల్లలకు తెలియకుండా పోయింది. లేని మనిషిని దోషిగా నిలబెట్టడానికి ఆ మతాన్నే ఎంచుకోవడం చూసేవాళ్ల మనసులో ఒక అనుమానాన్ని నాటుతుంది. ఇది చిన్న లోపమని నేననుకోను.

ఇంకొకటి. భాభా 1966 జనవరి 24న ఎయిర్ ఇండియా విమానం మోఁ బ్లాఁ పర్వతాన్ని ఢీకొని మరణించారు. తమ విమానం పర్వతానికి ఏ వైపున ఉందో పైలట్ తప్పుగా అంచనా వేసుకున్నారని, విమానంలోని ఒక దిక్సూచక పరికరం పనిచేయలేదని ఫ్రెంచ్ దర్యాప్తు తేల్చింది. సిరీస్ మాత్రం విదేశీ గూఢచారుల కుట్ర అన్న ఊహ వైపు కథను నడుపుతుంది. థ్రిల్లర్‌గా అది బిగువుగానే ఉంటుంది. కానీ చూసిన పిల్లలు దాన్నే చరిత్ర అనుకుని పరీక్షలో రాసే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ సిరీస్ గురించి ఎవరికి చెప్పినా ఆ ఒక్క వాక్యం తప్పక చేర్చండి.

సిరీస్‌లో తుంబా రాకెట్ ప్రయోగం చూసినప్పుడు కూడా గడుల పుస్తకం తెరవండి. 1963 నవంబర్ 21న కేరళలోని ఆ మత్స్యకారుల ఊరి నుంచి ఎగిరింది నైక్ అపాచీ. రాకెట్ అమెరికాది, అందులోని సోడియం ఆవిరి పరికరం ఫ్రాన్సుది. నాలుగైదు దేశాలు, చోటు ఇచ్చిన ఒక చర్చి, ఇల్లు ఖాళీచేసి ఇచ్చిన ఊరివాళ్లు కలిస్తే అయిన పని అది. తెరమీద ఇద్దరు ముగ్గురు వీరులుంటే కథ సులువుగా నడుస్తుంది. ఆ సులువు కోసం ఎవరిని వదిలేశారో అడగడం విమర్శకుడి పని. ఆ కథ కొనసాగింపు మన గడ్డమీదే ఉంది. 1971 అక్టోబర్‌లో శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. సూళ్లూరుపేట వైపు ఉండే పిల్లలు సిరీస్ చూశాక ఒక ప్రయోగాన్ని కళ్లారా చూస్తే, సంగీతం లేని అసలు శబ్దం ఎలా ఉంటుందో పోల్చుకోవచ్చు.

ఇప్పుడు రెండు సమీక్షలు చదవండి. మొదటిది: "రాకెట్ బాయ్స్ అదిరింది, యాక్టింగ్ సూపర్, మ్యూజిక్ సూపర్, తప్పక చూడండి." రెండోది: "భాభాను మొండితనంతో సహా చూపించడం నచ్చింది. సాహా స్థానంలో కల్పిత ప్రతినాయకుణ్ణి పెట్టడం వల్ల సైన్సు విధానం మీద జరిగిన నిజమైన వాదన మాయమైంది. తొమ్మిదో తరగతి దాటినవాళ్లు సాహా గురించి కొంచెం చదివి చూస్తే మంచిది." రెండోది మూడే వాక్యాలు. ఒక మెచ్చుకోలు, కారణంతో ఒక అభ్యంతరం, ఎవరు చూడాలన్న మాట, మూడూ అందులో ఉన్నాయి.

తెలుగులో కుటుంబమంతా కలిసి చూడదగ్గది అడిగితే "నైంటీస్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్" చెబుతాను. ఈటీవీ విన్‌లో 2024 జనవరిలో వచ్చింది, 6 ఎపిసోడ్లు, దర్శకుడు ఆదిత్య హాసన్. లెక్కల మాస్టారైన తండ్రిగా శివాజీ, తల్లిగా వాసుకి, వాళ్లకు ముగ్గురు పిల్లలు. ఇందులో విలన్ లేడు. డబ్బు, మార్కులు, ఇంట్లోవాళ్ల మొహమాటాలు, వీటి మీదే ఆరు ఎపిసోడ్లు నడుస్తాయి. చూసేటప్పుడు ఒకటి గమనించండి: పాత వస్తువు కనిపించినందుకు నవ్వొచ్చిందా, సన్నివేశం వల్ల నవ్వొచ్చిందా? అమ్మానాన్నలకు వస్తువు చూడగానే జ్ఞాపకం వస్తుంది. మీకు ఆ జ్ఞాపకం లేదు కాబట్టి సన్నివేశం బలం ఎంతో మీరే బాగా చెప్పగలరు. నాకున్న అభ్యంతరం ఒక్కటే. మార్కుల కోసం తండ్రి చేసే ఒత్తిడిని సిరీస్ చివరికి ప్రేమ కిందే జమ కడుతుంది. దీనిమీద మీ అమ్మానాన్నలతో వాదించండి, మంచి వాదన అవుతుంది.

ప్రకృతి మీద డాక్యుమెంటరీలు ఇష్టమైతే నెట్‌ఫ్లిక్స్‌లో 2019లో వచ్చిన "అవర్ ప్లానెట్" 8 ఎపిసోడ్లు ఉన్నాయి, వ్యాఖ్యానం డేవిడ్ అటెన్‌బరోది. ఇలాంటివాటిలో శబ్దాన్ని పట్టించుకోండి. జంతువులను చాలా దూరం నుంచి పెద్ద లెన్సుతో తీస్తారు. అంత దూరం నుంచి మైకుకు అడుగుల చప్పుడు అందదు. అందుకే ఇలాంటి చిత్రాల్లో అడుగుల చప్పుడు, నమిలే చప్పుడు చాలావరకు స్టూడియోలో విడిగా చేసి కలిపినవే. దీన్ని మోసం అనలేం కానీ, తెలిసి చూడాలి.

మీ తప్పువల్ల సిరీస్‌కు చెడ్డపేరు రాకూడదు, కాబట్టి కొన్ని జాగ్రత్తలు. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం తక్కువ నాణ్యతలో గంటకు 0.3 జీబీ దాకా, మధ్యస్థంలో 0.7 జీబీ దాకా, హెచ్‌డీలో 3 జీబీ దాకా ఖర్చవుతుంది. 40 నిమిషాల ఎపిసోడ్లు 8 ఉంటే మొత్తం అయిదు గంటల ఇరవై నిమిషాలు. తక్కువలో సుమారు 1.6 జీబీ, మధ్యస్థంలో 3.7 జీబీ, హెచ్‌డీలో 16 జీబీ. డేటా ఆదాచేసి చూస్తే రాత్రి సన్నివేశాల్లో నలుపు గళ్లుగళ్లుగా విడిపోతుంది. దానికి ఛాయాగ్రాహకుణ్ణి తిట్టకండి. వైఫై ఉన్నచోట మంచి నాణ్యతలో డౌన్‌లోడ్ చేసుకోండి. కొన్ని డౌన్‌లోడ్లకు చూడటం మొదలుపెట్టాక 48 గంటలే గడువుంటుంది, కాబట్టి తీరిక దొరికాకే మొదలుపెట్టండి. టీవీలో మాటలు వినబడక సంగీతం మాత్రం మోగిపోతుంటే, ఆడియో మెనూలో 5.1 (చుట్టూ అనేక స్పీకర్లు ఉన్నవాళ్ల కోసం చేసిన శబ్దం) ఎంపికై ఉందేమో చూడండి. ఆ మిక్సింగులో మాటలు ప్రధానంగా మధ్య స్పీకరుకు వెళతాయి, మామూలు టీవీకి అది ఉండదు. మామూలు స్టీరియోకు మార్చండి.

డబ్బింగ్‌లో చూస్తే ఆ మాట రాయండి. గొంతు నచ్చకపోతే తప్పు తెరమీది నటుడిది కాదు. ఒక సన్నివేశమైనా అసలు భాషలో సబ్‌టైటిల్స్‌తో చూసి పోల్చండి. 1.5 వేగంతో చూసి "కామెడీ పండలేదు" అని రాయడం సరికాదు. మాటకూ మాటకూ మధ్య ఉండే నిశ్శబ్దంలోనే హాస్యం పండుతుంది, వేగం పెంచితే మొదట పోయేది అదే. నచ్చకపోతే రెండు ఎపిసోడ్లకు ఆపేయండి, పరవాలేదు. కానీ రెండే చూశానని స్పష్టంగా రాయండి.

రాసేటప్పుడు 150 నుంచి 200 మాటలు చాలు. కథలో మొదటి ఎపిసోడ్ దాటి ఏమీ బయటపెట్టొద్దు. కనీసం ఒక సన్నివేశాన్ని ఎపిసోడ్ సంఖ్యతో, నిమిషంతో సహా ఎత్తి చూపండి. "స్లో" అనే మాట రాయాలనిపిస్తే ఆగి, ఏది ఆలస్యమైందో రాయండి: తెలిసిన విషయమే రెండుసార్లు చెప్పారా, పాత్ర ఏం కోరుకుంటుందో తెలియలేదా, పాటకోసం కథ ఆగిందా?

ఎవరికైనా సూచించే ముందు మూడు అడగండి. ఎంత సమయం ఉంది, ఎవరితో కలిసి చూస్తారు, ఈమధ్య ఏది మధ్యలో వదిలేశారు? మూడోదానికి వచ్చే జవాబులోనే వాళ్ల అభిరుచి ఎక్కువగా తెలుస్తుంది. అమ్మమ్మకు సబ్‌టైటిల్స్ చదవడం కష్టమైతే ఎంత గొప్ప కొరియన్ సిరీస్ అయినా ఆమెకు పనికిరాదు.

దసరా సెలవుల్లో ఒక్క సిరీస్ చూసి, మూడు గడుల పేజీని, పక్కన మీరు రాసిన 150 మాటలను కలిపి పంపండి. నేను చెప్పినవాటితో ఎక్కడ ఏకీభవించలేదో ఆ చోట ఎపిసోడ్ సంఖ్య, నిమిషం వేయండి. నేనూ అక్కడికి వెళ్లి మళ్లీ చూస్తాను.

మీ
తాతయ్య